శీతోష్ణస్థితి మార్పు - పేద దేశముల ప్రజాజీవనము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున కవిత్వమును గూర్చియో, దేశచరిత్రను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఎండను గూర్చి, వానను గూర్చి చెప్పబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని 1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినపుడు, చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగు చదువరులకు అందించుట వారి యుద్దేశ్యములలో నొకటి. ఆ త్రోవలో పుట్టిపెరిగిన గ్రంథాలయములకు ఈ విషయము పరాయిది కాదు. నాగారమునకు అసలే కాదు. ఈ యూరికి తూర్పున ఘట్‌కేసర్, దక్షిణమున నాచారం, ఉప్పల్, వానిని దాటిన మూసీ, ఈశాన్యమున కీసరగుట్ట. ఈ నాలుగు హద్దుల నడుమ గడచిన కొన్ని యేండ్లలో జరిగినదానిని చూచినచో, ప్రపంచ సభలలో దేశాధిపతులు వాదించుకొను విషయమంతయు ఇచ్చటనే కనబడును.

పూర్వము రైతు పంచాంగము కార్తెలతో నడచెడిది. రోహిణిలో ఎండలు ముదురునని, మృగశిరతో నేల చల్లబడునని, ఆరుద్రలో విత్తులు పడవలెనని ఒక లెక్క యుండెను. ఆ లెక్క ఎన్నడును తప్పలేదని కాదు. కరువులు, వరదలు పూర్వమును వచ్చినవి. కాని నాటి రైతు లెక్కను నమ్మి విత్తెను. నేటి రైతు లెక్క తప్పునను అనుమానముతోనే విత్తనము కొనుచున్నాడు. మొదటి వానకు మొలచిన ప్రత్తి ఎండిపోయి, రెండవసారి విత్తవలసి వచ్చినపుడు ఆ రెండవ విత్తనము అప్పు మీద వచ్చును. శీతోష్ణస్థితి మార్పు అను పెద్దమాట పల్లెలో మొదట అప్పు రూపముననే ప్రవేశించును.

దీని కారణము కొంత తెలిసికొనవలసి యున్నది. భూమి సూర్యుని వలన వేడెక్కి, ఆ వేడిని తిరిగి ఆకాశమునకు వదలును. గాలిలోని నీటియావిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేను మొదలగునవి ఆ వేడిలో కొంతభాగమును పోనీయక పట్టి యుంచును. చలిరాత్రి గొల్లవాడు కప్పుకొను గొంగడి తానుగా వేడిని పుట్టింపదు; ఒంటి వేడిని బయటికి పోనీయదు. ఇదియు నట్టిదే. ఈ గొంగడి బొత్తిగా లేకున్నచో భూమి మంచుగడ్డయై యుండెడిది. చిక్కంతయు అది నానాటికి మందమగుటలో నున్నది. బొగ్గును, చమురును మండించుటయు, అడవులను నరకుటయు దీనికి ముఖ్య కారణములు. హవాయి దీవిలోని మౌనాలోవా కొండపై 1958లో కొలతలు మొదలిడిననాడు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లుగా నుండిన బొగ్గుపులుసు వాయువు ఇప్పటికి 420 పాళ్లను దాటినది. 2024వ సంవత్సరము, యంత్రపరిశ్రమలకు పూర్వమున్న సగటు కంటె సుమారు ఒకటిన్నర డిగ్రీ హెచ్చుగా, అప్పటి వరకు కొలిచిన వత్సరములన్నిటి కంటె వేడిగా నుండెనని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చినది.

ఒకటిన్నర డిగ్రీ యననెంత యని చిరునవ్వు నవ్వువారు కలరు. మనుష్యుని ఒంటికి ఒకటిన్నర డిగ్రీ పెరిగినచో దానిని జ్వరమందురు గాని నవ్వరు. గాలి యొక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడు పాళ్లు అదనముగా నీటియావిరిని మోయగలదు. అందుచేత వాన లేని నాడు నేలలోని తడిని మరింత పీల్చివేయును. వాన వచ్చిన నాడు మోసికొని వచ్చినదంతయు ఒక్కచోట క్రుమ్మరించును. కరువును వరదయు పరస్పర విరుద్ధములని తోచును గాని, ఈ రెండును ఒకే తల్లి బిడ్డలు.

2020 అక్టోబరు 13వ తేదీ సంగతి ఈ ప్రాంతము వారెవరును మరచి యుండరు. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము కాకినాడ దాపున తీరము దాటి తెలంగాణము మీదుగా పడమరకు నడచినది. ఇరువదినాలుగు గంటలలో ఘట్‌కేసర్ వద్ద సుమారు 32 సెంటీమీటర్ల వాన కురిసినది. హైదరాబాదు ప్రాంతమున సంవత్సరమంతయు కురియునది సగటున 80 సెంటీమీటర్లకు దరిదాపు. అనగా అయిదు నెలలలో రావలసిన నీరు ఒక్క పగలు, ఒక్క రాత్రిలో వచ్చినది. లెక్క వేసి చూచినచో ఒక్క యెకరము నేలపై పడిన నీరు సుమారు 13 లక్షల లీటర్లు. వేసవిలో వాడకు వచ్చు అయిదువేల లీటర్ల ట్యాంకరు కొరకు బిందెలతో బారులు తీరు తల్లులకు ఈ లెక్క సులభముగా తెలియును: ఎకరమునకు 260 ట్యాంకర్లు! ఆ రాత్రి మూసీకి ఉత్తరమున రామంతాపూర్, ఉప్పల్ మొదలు దక్షిణమున నాగోల్, హయత్‌నగర్ వరకు లోతట్టు వాడలలో ఇండ్లు మునిగినవి. అక్టోబరు 17 రాత్రి మరల కురిసిన వానకు బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీలోని పల్లపు బస్తీలను ముంచినది.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలసి యున్నది. ఒక్క వానను చూపి, ఇది శీతోష్ణస్థితి మార్పు వలననే వచ్చినదని నిశ్చయించుట శాస్త్రము కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రజలను పొట్టన పెట్టుకొన్ననాడు మోటారు బండ్లును అరుదు, కర్మాగారములును అరుదు. అప్పుడు శంషాబాదులో ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినదని, మరుసటి యేడు నిజాము ప్రభుత్వము పిలుపున వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వ్రాసినారు. అదియు 32 సెంటీమీటర్లే! అట్టి వాన ఈ నేలకు కొత్త కాదు. కాని నూరేండ్లకొకమారు తాతలు చెప్పుకొనునట్టిది 2000 ఆగస్టులో ఒకమారు, 2020లో ఒకమారు నగరమును ముంచినది. శాస్త్రజ్ఞులు చెప్పునది ఇదియే: వేడెక్కిన గాలి కొత్త భూతమును సృష్టింపదు, పాత భూతమును మాటిమాటికి పిలుచును.

విశ్వేశ్వరయ్య పరిశీలనలో మరియొక సంగతి మిగుల ముఖ్యమైనది. మూసీ, ఈసీల పరీవాహక ప్రదేశమున 788 చెరువులుండగా, ఆ వరదలో 221 తెగినవని ఆయన లెక్క తేల్చినారు. పై చెరువు తెగి క్రింది చెరువుపై పడగా, అదియు తెగినది. ఆయన సూచనల ఫలితముగ 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. నగరము పడమటి దిక్కున రక్షింపబడినది. తూర్పు దిక్కున నాగారం, నాచారం, ఉప్పల్ ప్రాంతములకు మాత్రము పాత గొలుసుకట్టు చెరువులే దిక్కు.

గొలుసుకట్టు అనుమాట యిప్పటి పిల్లలకు కొంత విప్పి చెప్పవలెను. తెలంగాణము పీఠభూమి, ఇచ్చట గోదావరి జిల్లాల వలె కాలువల నీరు లేదు. మెట్టనుండి పల్లమునకు జారు వాననీటిని కట్టవేసి ఆపి, నిండిన పిమ్మట మత్తడి మీదుగా పొర్లిన నీరు వాగుగుండ క్రింది కుంటను నింపునట్లు, అచ్చట నిండినది మరియొక చెరువును చేరునట్లు పెద్దలు అమర్చినారు. తూములెత్తుటకు, దించుటకు నీరడి యుండెను. చెరువు నిండినపుడు నీరు నిలుచు మేర శిఖము. శిఖములో నీరు తగ్గిన తరువాత దోసకాయయో, పుచ్చకాయయో వేసికొనుటకు ఒప్పుదురు గాని ఇల్లు కట్టుటకు ఒప్పరు. చెరువు ఎనిమిది యేండ్లు సగమే నిండవచ్చును. తొమ్మిదవ యేట నిండును. ఆ తొమ్మిదవ యేటి కొరకే శిఖమును విడిచిపెట్టినారు. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, నాచారం పెద్దచెరువు అట్టి గొలుసుల మిగిలిన పూసలు. ఉప్పల్ భగాయతు అను పేరులోనే తోటభూమి యను అర్థమున్నది. నేల మారినను పేరు మాత్రము పాత సంగతిని చెప్పుచునే యున్నది.

మరి శిఖములో ఇండ్లు కట్టినదెవరు? కబ్జాదారులని ఒక్కమాటలో తేల్చివేయుట సులభము. పెద్ద కబ్జాదారులు లేరని కాదు. వారు గలరు, వారి పలుకుబడియు గలదు. కాని వరదనీటిలో నిలుచున్న కుటుంబములను అడిగి చూచినచో కథ మరియొక రీతిగా నుండును. పాలమూరు జిల్లా సంగతి తలచుకొనుడు. దశాబ్దముల తరబడి అచ్చటి కూలీలు ఆనకట్టలు కట్టుటకు, కాలువలు త్రవ్వుటకు దేశమంతట తిరిగినారు. పాలమూరు కూలి యనుమాట ఒక జాతివాచకమై పోయినది. బావి ఎండి, బోరు పడి, రెండవ బోరునకు అప్పు చేసి, అదియు వట్టిపోయిన పిమ్మట నల్లగొండ, మెదక్, వరంగల్ జిల్లాల చిన్న రైతులును ఇదే దారి పట్టినారు. వారిలో ననేకులు ఉప్పల్, నాచారం కార్ఖానాల దాపునకు వచ్చి చేరినారు. పదియేండ్లు రేకుల గదిలో అద్దెకుండి, చీటీ కట్టి, గొలుసు తాకట్టు పెట్టి, అరువది గజముల స్థలము కొన్నారు. మెట్ట మీద స్థలము వారి చేతికి అందునా? అందినది పల్లములోనిది, నోటరీ కాగితము మీద, చవుకగా. అమ్మిన రైతు సహితము కొన్నిచోట్ల ఆయకట్టు ఎండి, సేద్యము గిట్టక అమ్మినవాడే. ఈ విధముగ నీరు లేక ఊరు విడిచినవాడు నీటి పడకలో ఇల్లు కట్టుకొన్నాడు. కరువు తరిమినది, వరద పట్టుకొన్నది. వెనుకబడిన దేశములలో శీతోష్ణస్థితి మార్పు చేయు సాంఘిక నష్టమంతయు ఈ యొక్క కుటుంబము కథలో నున్నది. బంగ్లాదేశపు తీరమున ఉప్పునీరు చేలలోనికి రాగా ఢాకా మురికివాడలకు చేరిన కూలివాని కథ భాష మాత్రమే వేరు.

ఎండ సంగతి వరదవలె పత్రికలలో బొమ్మగా పడదు. 2015 మే నెలలో వీచిన వడగాలికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిన్నరకు మించి ప్రజలు మరణించిరి. చనిపోయినవారిలో ఆరుబయట పనిచేయు కూలీలు, వృద్ధులు మెండు. మరుసటి యేట తెలంగాణ ప్రభుత్వము వడగాలుల నెదుర్కొను ప్రణాళికను ప్రకటించినది. మంచిదే. కాని పగలు గొడుగు పట్టుకొమ్మను సలహా రాళ్లు కొట్టువానికి ఏమి యుపయోగము? రేకుల గదిలో రాత్రి సహితము వేడి దిగదు. నిద్ర లేని శరీరము మరునాడు కూలికి పోవును, లేదా పోలేక కూలి పోగొట్టుకొనును. చల్లని యంత్రము పెట్టుకొన్న ఇల్లు తన వేడిని వీధిలోనికి వదలును. ఆ వీధిలో నుండువాడు రేకుల గదివాడే.

ఇక రాజకీయము. నీరున్నచోటనే రాజ్యమున్నది. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడుటకు పూర్వము సాగిన ఉద్యమములో నీళ్లు, నిధులు, నియామకములు అను మూడింటిలో మొదటిది నీళ్లే. 2015లో మిషన్ కాకతీయ పేరిట దాదాపు 46,000 చెరువుల పూడిక తీయబూనుట ఆ ఉద్యమము పెట్టిన అంకురమే. కృష్ణా జలముల పంపకముపై 1970లలో బచావత్ ట్రిబ్యునలు తీర్పు వచ్చినను తగవు తీరలేదు. ఎగువ రాష్ట్రములకును దిగువ రాష్ట్రములకును, విడిపోయిన అన్నదమ్ములకును నడచుచునే వచ్చినది. వాన తన తీరు మార్చుకొనుచుండగా, పాత వానల లెక్కపై వ్రాసిన పంపకపు పత్రము ఎంతకాలము నిలుచునో విజ్ఞులు ఆలోచింపవలెను.

2020 వరదల తరువాత నష్టపోయిన కుటుంబమునకు పదివేల రూపాయల చొప్పున ప్రభుత్వము సాయము ప్రకటించినది. పేరు జాబితాలో నున్నవాడు తీసికొన్నాడు, లేనివాడు నిలదీసినాడు. నవంబరులో మీసేవ కేంద్రముల యెదుట స్త్రీలు తెల్లవారుజాము నుండి బారులు తీరినారు. ఇంతలో నగరపాలక ఎన్నికలు వచ్చినందున ఎన్నికల సంఘము పంపకమును ఆపించినది. డిసెంబరు 1న ఎన్నిక జరుగగా, అంతకు ముందు 99 స్థానములున్న పాలకపక్షమునకు 56 మిగిలినవి. వరద యొక్కటియే కారణమని ఎవరును చెప్పలేరు. కాని నీరింకని వాకిటికి ఓటు అడుగవచ్చినవానితో ఆ వాడ ఏమి మాటాడి యుండునో ఊహించుట కష్టము కాదు. ప్రజలు సాయము అడిగినంత గట్టిగా నాలా అడుగకపోవుటయు ఈ కథలో భాగమే. పదివేలు చేతికి కనబడును, నాలా కనబడదు. నేతలకు ఇది బాగుగా తెలియును. పిమ్మట నాలాల బాగుచేతకు ప్రత్యేక పథకము, 2024 జులైలో చెరువుల రక్షణకు హైడ్రా అను సంస్థ వచ్చినవి. చెరువును విడిపించుట అవసరమే. అయితే గోడ కూలినపుడు స్థలము అమ్మినవాడు అచ్చట నుండడు, అనుమతి నిచ్చినవాడు నుండడు; కొన్నవాడు, వాని వంటసామగ్రి మాత్రమే యుండును. ఈ పీటముడిని విప్పకుండ చెరువు హద్దు నిలువదు.

వాన తప్పుట వలన దూరదేశపు పొయ్యి యెట్లు ఆరిపోవునో కూడ చూడవలెను. 2022 మార్చిలో ఉత్తర హిందూస్థానమున ముందుగా వచ్చిన ఎండలకు గోధుమ గింజ కుంచించుకొనిపోగా, మే నెలలో భారత ప్రభుత్వము గోధుమల ఎగుమతిని నిషేధించినది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యము ఎగుమతియు నిలిచినది. ఆ వార్త విని అమెరికాలోని మన తెలుగువారు సోనామసూరి సంచుల కొరకు దుకాణములకు పరుగెత్తిరి. కొన్నిచోట్ల మనిషికి ఒక్క సంచియే యని నియమము పెట్టిరట! అది కొంత నవ్వుకొనదగినదే. కాని మన బియ్యమునే కొని తిను పశ్చిమాఫ్రికా కూలివానికి అది నవ్వులాట కాదు. వాని గిన్నెలో అన్నము ప్రియమైనది. ఒక దేశము తన ప్రజల కడుపు కాపాడుకొనుట తప్పు కాదు. అట్లని దాని వలన మరియొక పేదదేశము పస్తుండుటయు అబద్ధము కాదు. 2024 సెప్టెంబరులో ఆ నిషేధము తొలగినది.

ఈ దోషమెవరిది? 1992లో రియో నగరమున సమావేశమైన దేశములు, బాధ్యత అందరిదే గాని అందరిది సమానము కాదని వ్రాసికొన్నవి. న్యాయమైన మాట. సాలుకు ఒక్కొక్క అమెరికావాసి పేర గాలిలో చేరు బొగ్గుపులుసు వాయువు 14 టన్నుల దరిదాపు కాగా, భారతీయుని పేర చేరునది రెండు టన్నులకు అటునిటు. 2009లో కోపెన్‌హాగెను సభలో ధనికదేశములు 2020 నాటికి ఏడాదికి పదివేల కోట్ల డాలర్లు ఇత్తుమన్నవి. ఆ మొత్తము 2022కు గాని పూర్తి కాలేదు; అందులోను పెద్దభాగము అప్పుగా వచ్చినదే. ఇల్లు తగులబెట్టినవాడు నీళ్లు తెచ్చుకొమ్మని వడ్డీకి అప్పిచ్చినట్లున్నది. 2022లో పాకిస్తానులో వరదలకు 3 కోట్ల 30 లక్షల ప్రజలు పాలైరి. నష్టము మూడువేల కోట్ల డాలర్లని అంచనా కట్టిరి. అదే యేట ఈజిప్టు సభలో నష్టపరిహార నిధి ఒకటి పెట్టుటకు ఒప్పుదల కుదిరినది. ఆరంభమున ఆ నిధికి పలికిన చందా సుమారు 70 కోట్ల డాలర్లు. ఒక్క దేశపు ఒక్క వరదలో నలువదవ వంతును కాదు. 2024లో బాకు సభలో 2035 నాటికి ఏడాదికి ముప్పదివేల కోట్లన్నపుడు, అది చాలదని భారత ప్రతినిధి నిండుసభలో అభ్యంతరము చెప్పినారు.

చెప్పవలసినదే. కాని ఆ రెండు టన్నుల సగటులో ఎవరి వాటా యెంత? నగరపు పడమటి మేడలో నాలుగు కార్లున్న ఇల్లును, నాచారములో రేకుల గదియు కలిపి తీసిన సగటది. బయట న్యాయమడుగు దేశము లోపల దానిని పంచుచున్నదా అను ప్రశ్న సభలలో వినబడదు. తెల్లవారి ట్యాంకరు వద్ద వినబడును. మూసీ ఒడ్డున పర్వతాపురం, పీర్జాదిగూడ మొదలగు చోట్ల నగరపు మురికినీటితో గడ్డి పెంచి పాడిపశువులకు అమ్మి బ్రతికిన రైతులను చూచినచో ఇది బోధపడును. కరువు యేండ్లలోను తప్పక వచ్చిన నీరు వారికి అదియే. నగరము విడిచిన మలినమే వారికి జీవనాధారమైనది. దానిని వరమనుటకు నోరు రాదు. శాపమనుటకు వారి కడుపు ఒప్పదు.

ఇక ఊరివారు చేతనైనంతలో చేయదగిన పని యొకటి కలదు. హైదరాబాదు చుట్టునున్న చెరువుల హద్దులను నిర్ణయించుటకు 2010లో ఒక సంరక్షణ సంఘము ఏర్పడినది. ప్రతి చెరువునకు నిండు నీటిమట్టము, సర్వే నంబర్లతో కూడిన పటము తయారుచేసి మొదట ప్రాథమికముగా ప్రకటింతురు. అభ్యంతరములు విని, పిదప తుదిగా ప్రకటింతురు. ఈ రెండు ప్రకటనల నడుమ ఏండ్లు గడచిన చెరువులు అనేకము. హద్దులు జరుగుటకును, ప్లాట్లు అమ్ముడుపోవుటకును అనువైన కాలమది. అభ్యంతరము చెప్పు హక్కు ఊరివారందరికి కలదు గాని, పటమును కన్నులార చూచినవారు అరుదు. సేత్వారు, పహాణీలలో శిఖమని వ్రాసియున్న నంబరేదో, మత్తడి ఎచ్చట నుండెనో, 2020 అక్టోబరులో నీరు ఏ యింటి మెట్టు వరకు వచ్చినదో చెప్పగల వృద్ధులు ఇంకను ఈ ఊళ్లలో ఉన్నారు. వారు చెప్పునది వ్రాసి, ఆ పటముతో కలిపి, వార్తాపత్రికలు పరచు బల్లమీదనే ఉంచుటకు గ్రంథాలయమునకు గొప్ప ధనము అక్కరలేదు. దానికి తోడు డాబాపై ఒక వానకొలత పాత్ర, ఒక నోటుపుస్తకము. అరువది గజముల స్థలమునకు బయానా ఇయ్యబోవు కూలివాడు, తనకు చదువు రాకున్నను, చదువుకొన్న పిల్లవానిని వెంట తీసికొని వచ్చి, ఆ నంబరు శిఖములోనిదా, మెట్టలోనిదా యని సాయంకాలము అయిదు గంటలకు అచ్చట చూచుకొనవచ్చును.